అద్దె పెంచాలంటే కారణం చూపవలసిన రోజులు

మన సంఘం నెలవారీ సమావేశంలో పక్కపక్క కుర్చీల్లో కూర్చునే ఇద్దరు సభ్యుల్లో ఒకరు ఇంటి యజమాని, ఇంకొకరు అద్దెకున్నవారు కావచ్చు. ఒకరు ప్రావిడెంట్ ఫండూ గ్రాట్యుటీ కలిపి డాబా వేసుకుని పై వాటా అద్దెకిచ్చినవారు. ఇంకొకరు ఆ సొమ్మును పిల్లల చదువులకూ పెళ్ళిళ్ళకూ ఖర్చు పెట్టి, నేటికీ నెల మొదటి వారంలో అద్దె డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవారు. డి.ఏ. గురించి, పెన్షన్ సవరణ గురించి గంటల తరబడి మాట్లాడుకునే ఈ ఇద్దరూ అద్దె మాట వచ్చేసరికి కాఫీ తెమ్మంటారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ జీతంతో పాటు ఇంటి అద్దె భత్యం వచ్చేది. పదవీ విరమణ చేసిన మరునాటి నుంచి అది లేదు. కరువు భత్యం పెన్షన్ మీద కూడా లెక్కకడతారు గాని అద్దె భత్యం పెన్షనర్ల లెక్కలో లేదు. మనిషి రిటైరవుతాడు, అద్దె మాత్రం రిటైరు కాదు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో అద్దె చట్టాల చరిత్ర కొంత రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు ఒప్పుకున్నాను. నేను వకీలును కాను. ఆఫీసులో ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. ఫైలు చదివినట్టే ఈ చట్టాన్ని కూడా మొదటి కాగితం నుంచి చదువుకుంటూ వచ్చాను.

ఆ మొదటి కాగితం యుద్ధం నాటిది. ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో స్కాట్లాండు దేశపు గ్లాస్గో నగరానికి ఓడల కర్మాగారాల్లోనూ ఆయుధ కర్మాగారాల్లోనూ పని కోసం వేలాది మంది వచ్చిపడ్డారు. ఇళ్ళు లేవు, యజమానులు అద్దెలు పెంచారు. 1915లో గోవన్ ప్రాంతంలో మేరీ బార్బర్ అనే గృహిణి నాయకత్వంలో ఆడవాళ్ళు అద్దె కట్టడం మానేశారు. ఖాళీ చేయించడానికి వచ్చిన కోర్టు అమీనాలను వీధి మొగలోనే అడ్డుకున్నారు. ఓడల కార్మికులు వారికి తోడు నిలిచారు. ఆ ఏడాది ముగియకముందే బ్రిటిషు పార్లమెంటు చిన్న ఇళ్ళ అద్దెలను 1914 ఆగస్టు నాటి స్థాయిలో నిలిపివేస్తూ చట్టం చేసింది. దాన్ని చూసి 1918లో బొంబాయిలోనూ, 1920లో కలకత్తాలోనూ అద్దె చట్టాలు వచ్చాయి.

మన విశాఖపట్నం కథ కూడా రేవుతోనే మొదలవుతుంది. 1933లో రేవు తెరిచారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ గారు సింధియా ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం సాగుతూనే ఉంది. రేవులో పనికి, రైల్వే పనికి, కర్మాగారం పనికి శ్రీకాకుళం వైపు నుంచి, విజయనగరం వైపు నుంచి, ఒరిస్సా నుంచి జనం వచ్చారు. పాత పోస్టాఫీసు వైపు, అల్లిపురం, జ్ఞానాపురం, కంచరపాలెం వైపు ఉన్న పెంకుటిళ్ళూ పాకలే వారికి దిక్కు. 1942 ఏప్రిల్ 6న జపాను వారి బాంబులు పడేసరికి ఊళ్ళో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరు తరలిపోయింది. ఇళ్ళకు తాళాలు పడ్డాయి. కొంతకాలానికి భయం తగ్గి జనం తిరిగి వచ్చారు. యుద్ధం పని కోసం కొత్తవారూ వచ్చారు. ఇళ్ళు మాత్రం పాతవే.

ఇటువంటి పరిస్థితి మద్రాసు రాష్ట్రమంతటా పట్టణాల్లో ఉంది. అందువల్ల భారత రక్షణ నిబంధనల కింద 1941లో మద్రాసు ప్రభుత్వం ఇళ్ళ అద్దెల నియంత్రణ ఉత్తర్వు జారీ చేసింది. యుద్ధం ముగిసి, ఆ నిబంధనల గడువు తీరేసరికి 1946లో దాన్నే చట్టంగా మార్చారు. 1949లో మరో చట్టం దాని స్థానంలో వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడివడినా కోస్తాలో ఈ మద్రాసు చట్టమే నడిచింది. తెలంగాణ ప్రాంతంలో 1954 నాటి హైదరాబాదు చట్టం నడిచింది. రెండు ప్రాంతాలకూ కలిపి ఒకే చట్టం కావాలన్న ఉద్దేశంతో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనముల (లీజు, అద్దె, ఖాళీ చేయించుట) నియంత్రణ చట్టం వచ్చింది. ఆ ఏటి 15వ నంబరు చట్టం. మనలో చాలామంది ఉద్యోగ జీవితమంతా గడిచింది దీని కిందనే.

యుద్ధకాలపు తాత్కాలిక ఏర్పాటు ఇరవయ్యేళ్ళకు శాశ్వత చట్టం అయి కూర్చున్నదన్నమాట. ఆఫీసుల్లో తాత్కాలిక పోస్టుల సంగతి ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

ఈ చట్టంలో గుండెకాయ వంటిది 4వ సెక్షన్. అద్దెదారు గాని యజమాని గాని దరఖాస్తు పెట్టుకుంటే రెంట్ కంట్రోలరు విచారించి ఆ ఇంటికి ఫెయిర్ రెంట్, అంటే న్యాయమైన అద్దె, నిర్ణయిస్తాడు. మన వైపు పట్టణాల్లో మునసబు కోర్టు న్యాయాధికారే రెంట్ కంట్రోలరు. ఆ అద్దె నిర్ణయించడానికి ఆయన చూడవలసినది 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ పేటలో అటువంటి ఇళ్ళకు నడిచిన అద్దె, మునిసిపాలిటీ పన్నుల రిజిస్టరులో ఆనాడు రాసిన అద్దె విలువ, తక్కిన పరిస్థితులు. దాని మీద కొంత శాతం కలపడానికి చట్టమే హద్దులు పెట్టింది.

ఒక సంగతి చాలామందికి తెలియక నష్టపోయారు. ఎవరూ దరఖాస్తు పెట్టనంతకాలం ఇద్దరూ ఒప్పుకున్న అద్దే అద్దె. చట్టం దానంతట అది వచ్చి తలుపు తట్టదు. అయితే ఎక్కువ అద్దెకు ఒప్పుకుని చేరిన మనిషి కూడా తరువాత కంట్రోలరు దగ్గరకు వెళ్ళవచ్చు. ఒకసారి ఒప్పుకున్నావు గనుక నోరు మూసుకోమనడానికి వీల్లేదు.

ఇక నిర్ణయమైన అద్దెను పెంచడం ఎట్లా? ఇక్కడే 5, 6 సెక్షన్లు వస్తాయి. నా మటుకు ఈ చట్టంలో అన్నిటికన్నా తెలివైన భాగం ఇదే. ఒకసారి న్యాయమైన అద్దె నిర్ణయమయ్యాక యజమానికి పెంచుకునే దారులు రెండే. ఇంటికి కొత్తగా ఏదైనా కట్టి, లేదా మార్పు చేసి, బాగుచేసి ఉండాలి. అది యజమాని ఖర్చుతో జరగాలి, ఇంట్లో అద్దెదారు ఉంటే అతను కోరితేనే జరగాలి. రెండో దారి పన్ను. మునిసిపాలిటీ వారు పన్ను పెంచితే ఆ పెరిగిన మేరకు అద్దెదారు నుంచి రాబట్టుకోవచ్చు. ఇవి కాక ధరలు పెరిగాయనో, పక్కింటివాడు ఎక్కువ తీసుకుంటున్నాడనో, కొడుకు పెళ్ళి వచ్చిందనో పెంచడానికి వీల్లేదు. అదే సెక్షనులో ఇంకో మాట ఉంది. యజమాని ఇంట్లో ఉన్న సౌకర్యాన్ని తగ్గిస్తే అద్దెదారు అద్దె తగ్గించమని కూడా అడగవచ్చు. నూతికి తాళం వేసి, పెరటి తలుపు మూసి, కరెంటు తీగ కత్తిరించి మనిషిని సాగనంపే పద్ధతులు ఆ రోజుల్లో ఎన్నో. వాటిని అడ్డుకోవడానికి వేరే నిబంధన పెట్టారు. నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని కూడా రాశారు. పది నెలల అడ్వాన్సు ఇచ్చి ఇంట్లో చేరే నేటి కుర్రవాళ్ళకు ఈ మాట చెబితే నవ్వుతారు.

మన వంటి ప్రభుత్వోద్యోగులకు ఉపయోగపడిన సెక్షన్ మరొకటుంది, 3వది. ఇల్లు ఖాళీ అయిన పది రోజుల్లోగా యజమాని అధికారికి తెలియజేయాలి. ప్రభుత్వానికి గాని, స్థానిక సంస్థకు గాని, ఏ అధికారి నివాసానికి గాని ఆ ఇల్లు కావాలంటే అధికారి తీసుకుంటాడు. అక్కరలేదంటేనే యజమాని తనకిష్టమైన వారికి ఇచ్చుకోవచ్చు. బదిలీ మీద వచ్చిన అధికారులు ఇట్లా కేటాయింపు ఇళ్ళలో దిగేవారు. యజమానులకు ఇది కంటగింపు. ఖాళీ అయిన ఇంట్లో రాత్రికి రాత్రి చుట్టాన్ని దింపి, ఇల్లు ఖాళీ కానే లేదనేవారు. తప్పు ఎవరిదని అడిగితే చెప్పడం కష్టం. మన ఇల్లు మనకు తెలియని వాడికి సర్కారు కేటాయిస్తే మనమైనా ఊరుకుంటామా?

ఇక 8వ సెక్షన్. చట్టం పుస్తకంలో పేజీకి మించదు గాని, ఎక్కువ సంసారాలను వీధిన పడకుండా కాపాడింది ఇదేనని నా నమ్మకం. యజమాని అద్దె పెంచమంటాడు. అద్దెదారు ఒప్పుకోడు. వెంటనే దావా వేస్తే యజమానికి కారణం కావాలి. కారణం లేదు. అందువల్ల పాత అద్దె తీసుకోవడం మానేస్తాడు. "ఉంచండి బాబూ, తరువాత చూద్దాం" అంటాడు. అద్దెదారు ఆ మాట నమ్మి రెండు నెలలు, మూడు నెలలు ఊరుకుంటాడు. అప్పుడు యజమాని కోర్టుకు వెళ్ళి, ఇతను కావాలని అద్దె ఎగ్గొట్టాడంటాడు. బుద్ధిపూర్వకంగా బకాయి పడటం 10వ సెక్షన్ కింద ఖాళీ చేయించడానికి మొదటి కారణం. అద్దె పెంచడానికి దారి లేనివాడు ఖాళీ చేయించడానికి దారి వేసుకున్నాడన్నమాట.

దీనికి విరుగుడుగా 8వ సెక్షన్ వరుసగా మెట్లు కట్టింది. అద్దె ఇచ్చినప్పుడు రసీదు అడిగే హక్కు అద్దెదారుకు ఉంది. యజమాని అద్దె పుచ్చుకోకపోతే, పది రోజుల్లోగా ఏదైనా బ్యాంకు పేరు చెప్పండి, అందులో జమ చేస్తానని వ్రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. చెబితే అందులో వేయాలి. చెప్పకపోతే మనియార్డరు పంపాలి. ఆ మనియార్డరు కమీషను కూడా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. రాసినవాడెవరో గాని అద్దెదారు జేబు ఎరిగినవాడు. మనియార్డరు కూడా తిరిగి వస్తే కంట్రోలరు దగ్గర జమ చేయాలి. ఈ మెట్లలో ఒకటి వదిలేసి మరొకటి ఎక్కితే కుదరదు. ఇదే పద్ధతి ఉన్న తమిళనాడు చట్టం కింద వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, వరుస తప్పి నేరుగా కోర్టులో జమ చేసిన అద్దెదారు పక్షాన నిలవలేదు. చట్టం ఇచ్చిన రక్షణ కావాలంటే చట్టం చెప్పినట్టే నడవాలన్నది.

నాతో పనిచేసిన ఒక సీనియర్ గుమాస్తా తిరిగివచ్చిన మనియార్డరు ఫారాలన్నిటినీ పంచాంగాల మధ్య పెట్టి దాచేవారు. "పుచ్చుకొనుటకు నిరాకరించినారు" అని పోస్టుమాన్ రాసిన కాగితాలు. అవి ఎందుకండీ అని అడిగితే, "నాయనా, మనకు దస్తావేజులు లేవు, ఇవే దస్తావేజులు" అన్నారు. కేసు ఆయన వైపు తేలింది. తేలేటప్పటికి ఆయన రిటైరయ్యారు. మునసబు కోర్టు, ఆపైన సబ్ కోర్టులో అప్పీలు, ఆపైన హైకోర్టులో రివిజన్. ఒక పిల్లవాడు అక్షరాభ్యాసం నుంచి డిగ్రీ దాకా వెళ్ళగలిగినంత కాలం.

ఇంతవరకూ చెప్పింది చదివి, అయితే విశాఖలో అద్దెదారులంతా చల్లగా ఉన్నారనుకోవద్దు. చట్టం చివర 32వ సెక్షన్‌లో ఒక గండి ఉంది. 1957 ఆగస్టు 26న గాని, ఆ తరువాత గాని కట్టిన భవనాలకు ఈ చట్టం వర్తించదు. కొత్త ఇళ్ళు కట్టేవారికి ప్రోత్సాహం ఉండాలన్నది కారణం. అద్దె పెరగదంటే ఎవరు కడతారు? మాట సబబే. కాని మన ఊరి లెక్క చూడండి. 1951 జనాభా లెక్కల్లో లక్ష దాటిన ఊరు 1991 నాటికి శివారులతో కలిపి పది లక్షలు దాటింది. 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం, 1966లో భారత్ హెవీ ప్లేట్స్, తరువాత జింక్, 1971 జనవరిలో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన. అంటే, 1957 తరువాతే విశాఖ పెద్ద ఊరైంది. గాజువాక, కూర్మన్నపాలెం వైపు, ఇటు మద్దిలపాలెం వైపు లేచిన వాటాలూ మేడలూ అత్యధికం ఆ తేదీ తరువాతివే. చట్టం ఊరంతటిదీ, రక్షణ మటుకు పాత బస్తీ పెంకుటిళ్ళదీ అయింది.

ఈ గండి మీద సుప్రీంకోర్టు తీర్పు 1983 అక్టోబరులో వచ్చింది. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసుగా అది ప్రసిద్ధం. జస్టిస్ ఇ.ఎస్. వెంకటరామయ్య గారు రాశారు. మొదట సహేతుకంగా ఉన్న మినహాయింపు కూడా కాలం గడిచేకొద్దీ వివక్ష అవుతుందన్నారు. 1956లో కట్టిన ఇంట్లో ఉన్నవాడికి రక్షణ, 1958లో కట్టిన ఇంట్లో పాతికేళ్ళుగా ఉన్నవాడికి లేకపోవడం సమానత్వం కాదని ఆ నిబంధన కొట్టివేశారు. అద్దెదారులు పండగ చేసుకున్నారు. ఆ పండగ రెండు నెలలు. డిసెంబరు 29న ప్రభుత్వం 636వ నంబరు జీవో ఇచ్చింది. కట్టిన నాటి నుంచి పదేళ్ళ వరకు భవనాలకు మినహాయింపు, నెలకు వెయ్యి రూపాయలు మించిన అద్దె ఉన్నవాటికి మినహాయింపు. 2005లో చట్టాన్నే సవరించి పదేళ్ళను పదిహేనేళ్ళు చేశారు. అద్దె హద్దు నగరపాలక సంస్థల్లో 3,500, తక్కిన చోట్ల 2,000 రూపాయలు అయింది. ఆ ఏటనే మన నగరపాలక సంస్థ మహా విశాఖ అయింది. రక్షణ కావలసిన వారి సంఖ్య పెరుగుతుంటే దాని వైశాల్యం తగ్గుతూ వచ్చింది.

యజమానుల పక్షం చెప్పకపోతే అన్యాయం చేసినవాడినవుతాను. 1944 నాటి అద్దె మీద ఇంత శాతమని కట్టిన లెక్క 1984లో ఇంటి సున్నానికి కూడా చాలదు. పాత బస్తీలో గోడలు బీటలు వారినా యజమాని చూడడు. చూస్తే ఖర్చు, చూడకపోతే ఇల్లు పడిపోతుంది, పడిపోతే స్థలం మిగులుతుంది. పెద్ద వీధుల్లో దుకాణాలు నడుపుకునే శ్రీమంతులు పాతిక, ముప్పై రూపాయల అద్దె కడుతూ, ఇంటి యజమానురాలైన ముసలి వితంతువును కోర్టుల చుట్టూ తిప్పిన సందర్భాలూ ఉన్నాయి. చట్టం అద్దెదారు బీదవాడనీ యజమాని కలవాడనీ అనుకుని రాసుకున్నది. బొంబాయి చట్టం విషయంలో సుప్రీంకోర్టు ఇదే అన్నది. 1940 నాటి స్థాయిలో అద్దెలను శాశ్వతంగా గడ్డకట్టించడం కాలంతోపాటు అసమంజసమైపోయిందని 1997 డిసెంబరులో మల్పె విశ్వనాథ ఆచార్య కేసులో చెప్పింది. ఢిల్లీ వారు అంతకు ముందే, 1988లో, ఒక మధ్యేమార్గం పట్టారు. మూడేళ్ళకొకసారి నూటికి పది పెంచుకోవచ్చన్నారు. మనవాళ్ళు 1960 చట్టంలో అటువంటి సూత్రం పెట్టి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. కారణం చూపమనడం మంచిదే. రూపాయి విలువ తగ్గడాన్ని కారణంగా ఒప్పుకోకపోవడమే దాని కొంప ముంచింది. బిగించిన తాడు తెగింది, ఆపైన తాడే లేకుండా పోయింది.

ఇక మన ఆనందపురం సంగతి. ఈ ఊరి సభ్యులు చాలామంది, మాకు రెంట్ కంట్రోల్ ఉందనుకుని ఆ రోజుల్లో కోర్టు దాకా వెళ్ళి వెనక్కు వచ్చినవారే. ఎందుకంటే 1960 చట్టం మొదటి సెక్షనులోనే ఉంది, అది హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలకూ రాష్ట్రంలోని మునిసిపాలిటీలకూ వర్తిస్తుంది. మరో ప్రాంతానికి కావాలంటే ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించాలి. ఆనందపురం పంచాయతీ. 1985లో మండల కేంద్రమైనా పంచాయతీయే. ఒకప్పుడు ఇక్కడ అద్దె ఇల్లనే మాటే అరుదు. పూల తోటలూ, కూరగాయల మళ్ళూ, సంత. కలకత్తా రోడ్డు మీద లారీలు ఆగి టీ తాగి పోయే కూడలి. నగరంలో స్థలాలు అందుబాటులో లేక ఉద్యోగులు ఇటు వచ్చి కట్టుకోవడం, అనకాపల్లి వైపు ఆరు వరుసల రహదారి ఇక్కడి నుంచి పడటంతో పల్లె కాస్తా నగరపు వాకిలి అయింది. పూల మార్కెట్టు మిగిలింది గాని మళ్ళు ప్లాట్లయ్యాయి. అద్దెలు నగరపు అద్దెలు అయ్యాయి, చట్టం మాత్రం పల్లె చట్టమే.

ఆ పల్లె చట్టం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 106వ సెక్షన్ ప్రకారం ఒప్పందం వేరే విధంగా లేకపోతే నెలవారీ అద్దెదారును పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు. కారణం చెప్పనక్కరలేదు. నోటీసు ఇచ్చినా వెళ్ళకపోతే యజమాని సివిల్ కోర్టులో దావా వేయాలే తప్ప సామాన్లు బయట పడేయడానికి వీల్లేదు, అంతవరకే భరోసా. అద్దె ఇంత పెంచుతాను, ఇష్టం లేకపోతే నోటీసు అంటే, అది చట్టబద్ధమైన బేరమే. నగరం నుంచి పాతిక, ముప్పై కిలోమీటర్ల దూరంలో, అదే పెన్షన్ తీసుకునే ఇద్దరిలో మహారాణిపేట పాత ఇంట్లో ఉన్నవాడికి కంట్రోలరు ఉండేవాడు, ఆనందపురంలో ఉన్నవాడికి ఉండేవాడు కాదు.

ఇప్పుడు కాస్త సముద్రం దాటి చూద్దాం. మన సభ్యుల పిల్లలు అనేకమంది కెనడాలో, ముఖ్యంగా టొరంటో చుట్టుపక్కల ఉన్నారు. పిల్లల దగ్గరకు వెళ్ళి ఆరునెలలుండి వచ్చిన మిత్రులొకరు అక్కడి అద్దె పద్ధతి చెబితే, మన 5, 6 సెక్షన్లే ఓడెక్కి వెళ్ళాయా అనిపించింది. ఆంటారియో రాష్ట్రంలో ఏటేటా ప్రభుత్వం అద్దె ఎంత శాతం పెంచవచ్చో ముందుగా ప్రకటిస్తుంది. ధరల సూచీని బట్టి లెక్కకట్టినా అది రెండున్నర శాతం మించకూడదు. 2023, 2024, 2025 మూడేళ్ళూ రెండున్నరే. పన్నెండు నెలలకొకసారే పెంచాలి, తొంభై రోజుల ముందు వ్రాతపూర్వకంగా తెలపాలి. అంతకు మించి కావాలంటే యజమాని అద్దెల బోర్డుకు దరఖాస్తు పెట్టాలి. భవనానికి పెద్ద మరమ్మతులు చేశాననో, మునిసిపల్ పన్ను విపరీతంగా పెరిగిందనో, కాపలా ఖర్చులు పెరిగాయనో కాగితాలతో చూపాలి. అద్దెదార్లందరికీ కబురు వెళుతుంది. వారు వచ్చి, ఈ మరమ్మతు జరగనే లేదని గాని, అవసరం లేదని గాని వాదించవచ్చు. మరమ్మతుల పేరిట ఎంత ఒప్పుకున్నా ఏటా అదనంగా మూడు శాతమే, అదీ మూడేళ్ళకు మించి లాగరాదు.

మన చట్టానికీ దానికీ పోలిక కారణాల్లో ఉంది. మరమ్మతు, పన్ను. తేడా ఎక్కడంటే, వాళ్ళు ధరలతోపాటు నడిచే మామూలు పెంపు ఒకటి పెట్టి, దాని పైన అడిగినదానికి లెక్క అడిగారు. మనం మామూలు పెంపే లేకుండా చేశాం. గండి మాత్రం వాళ్ళకూ ఉంది. 2018 నవంబరు 15 తరువాత మొదటిసారి నివాసానికి వాడిన కొత్త ఇళ్ళకు ఆ శాతం హద్దు వర్తించదు. మన 1957 ఆగస్టు 26 తేదీకి అరవై ఏళ్ళ తమ్ముడు. కొత్త అపార్టుమెంటులో చేరిన మన పిల్లలు, అద్దె ఒక్కసారి ఎక్కువ పెంచారని ఫోనులో వాపోతే అందుకు కారణం ఇదే కావచ్చు. ఆ తేదీ ఒకసారి చూసుకోమని చెప్పండి.

తిరిగి ఇంటికి వస్తే, 2017లో మన రాష్ట్ర శాసనసభ నివాస, నివాసేతర భవనాల అద్దె చట్టం చేసి 1960 చట్టాన్ని సాగనంపింది. తెలంగాణలో పాత చట్టమే పేరు మార్చుకుని మిగిలింది. కొత్త పద్ధతిలో ఫెయిర్ రెంట్ లేదు, 1944 లేదు. అద్దెకిచ్చేటప్పుడు వ్రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అందులో ఉన్నదే అద్దె, పెంపు కూడా అందులో రాసుకున్నట్టే. తగవులు చూడటానికి అద్దె అధికారి, అద్దె కోర్టు, ట్రిబ్యునల్ అని మూడంచెలు పెట్టారు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా చట్టం కూడా ఈ దారిదే. వెనక మనిషి తరపున చట్టం బేరమాడేది. ఇప్పుడు మనిషే బేరమాడాలి, చట్టం దాన్ని కాగితం మీద చూస్తానంటుంది.

అందువల్ల కాగితం ఎవరు రాస్తారన్నది ముఖ్యమైపోయింది. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదన్న 1908 నాటి చట్టం వల్ల పదకొండు నెలల కాగితం దేశమంతటా అలవాటైంది. స్టాంపు వెండరు దగ్గర టైపు చేసి ఉంచిన నమూనాలో ఖాళీలు పూరించి సంతకం పెట్టేస్తున్నాం. "యజమాని నిర్ణయించిన మేరకు అద్దె పెంచబడును" అన్న వాక్యం కొన్ని నమూనాల్లో నా కంటపడింది. ఆ వాక్యం కొట్టించి, దాని స్థానంలో ఇంత శాతం, ఇన్ని నెలలకు, ఇన్ని రోజుల ముందు తెలిపి అని అంకెల్లో రాయించాలి. పెద్ద మరమ్మతు ఖర్చు ఎవరిదో, పన్ను పెరిగితే ఎవరు భరించాలో కూడా ఒక వాక్యం ఉండాలి. అద్దె బ్యాంకు ద్వారా కట్టేవారు పాస్‌పుస్తకంలో ఏ నెల అద్దె అన్నది తెలిసేట్టు కట్టాలి. చేతికిచ్చేవారు రసీదు తీసుకోవాలి. "ఎన్నేళ్ళ పరిచయం, రసీదేమిటండీ" అని ఇంటాయన నొచ్చుకుంటే, ఆడిట్ అలవాటు పోలేదని నవ్వుతూ చెప్పి తీసుకోండి.

ఇళ్ళున్న సభ్యులకు కూడా ఇదే మనవి. పై వాటాలో ఉన్నాయన మీలాగే ఒకప్పుడు రోజూ హాజరు పట్టీలో సంతకం చేసిన మనిషై ఉంటాడు. పెంచవలసి వస్తే ఎంత, ఎందుకు అన్నది మూడు నెలల ముందు ఒక చీటీ మీద రాసి ఇస్తే, ఆయన తన పెన్షన్ లెక్క చూసుకుని ఉండాలో, చిన్న వాటా వెతుక్కోవాలో తేల్చుకుంటాడు. వచ్చే నెల సమావేశానికి ఇరుపక్షాల సభ్యులూ తమ తమ అద్దె కాగితాల నకళ్ళు తెస్తే, అందరికీ పనికివచ్చే నమూనా ఒకటి తెలుగులో తయారు చేసుకోవచ్చు. టైపు చేసే బాధ్యత నేను తీసుకుంటాను.